కారు నెత్తిన సామాను: పట్టే ప్రాణం

సంక్రాంతికి ముందు వారం హైదరాబాద్–విజయవాడ హైవే మీద, అయ్యప్ప దీక్షల కాలంలో శబరిమల దారిలో, పెళ్లిళ్ల నెలల్లో ఏ ఊరి పొలిమేరలోనైనా నెత్తిన సామాను కట్టుకున్న కార్లు వరసగా కనిపిస్తాయి. కారణం తెలిసిందే. ఏడుగురు ఎక్కే చిన్న కారులో మూడో వరస సీటు వేస్తే డిక్కీలో రెండు మూడు సంచులకు మించి పట్టవు. సీఎన్జీ కారైతే డిక్కీలో చాలా చోటు సిలిండరుకే పోతుంది. ఇక మిగిలేది పైకప్పే. దాని మీద ఎడమ నుంచి కుడికి అడ్డంగా బిగించే రెండు కడ్డీలనే క్రాస్‌బార్లు అంటున్నాం. క్యారియర్ అయినా, మూత పెట్టె అయినా, సైకిల్ స్టాండు అయినా, ఎలక్ట్రీషియన్ నిచ్చెన అయినా వాటి మీదే కూర్చుంటుంది. దుకాణంలో కొనేవాళ్లు సాధారణంగా మొదట అడిగేది ‘ఎన్ని కిలోలు మోస్తుంది?’ అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ అది రెండోది. ‘ఇది కారును ఎక్కడ పట్టుకుంటుంది, ఎలా పట్టుకుంటుంది?’ అన్నది మొదటిది. ఆగి ఉన్న కారు మీద సామాను కిందికి నొక్కుతుంది, అంతే. కదిలే కారు మీద అదే సామాను ముందుకు దూకుతుంది, గాలికి పైకి లేస్తుంది, మలుపులో పక్కకు లాగుతుంది. వీటిని ఆపాల్సింది బిగింపు. ఆ బిగింపు కొలతతో జరగాలి, వరసగా జరగాలి, దారిలో మళ్లీ చూసుకోవాలి. ఈ మూడూ లేనప్పుడు కడ్డీ ఎంత లావుదైనా ఒరిగేది లేదు.

ఒకప్పుడు ఈ పని ఇంత ఆలోచన అడిగేది కాదు. 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు, 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి 2019 దాకా నడిచిన ఓమ్నీకి, పాత జీపులకు కప్పు అంచు వెంట వాన నీళ్లు జారిపోయే గట్టర్ ఉండేది. కప్పు రేకు, పక్క రేకు కలిపి వెల్డింగ్ చేసిన అంచు అది. రెండు రేకుల మందం, పొడవునా వెల్డింగ్ ఉండటంతో చాలా బలంగా ఉండేది. క్యారియర్ కాళ్లకు కింద కొక్కెం, పైన బోల్టు పెట్టి ఆ అంచుకు బిగిస్తే సరిపోయేది. ఆరు కాళ్లు, ఎనిమిది కాళ్లు వేసుకునే వీలుండటంతో ఒక బోల్టు వదులైనా మిగతావి ఆదుకునేవి. ఇప్పటి కార్లకు ఆ అంచు లేదు. గాలి శబ్దం తగ్గడానికి, చూపుకు నున్నగా ఉండటానికి రేకుల అతుకును కప్పు మీద సన్నని గాడిలోకి దించి, పైన రబ్బరు పట్టీ కప్పేశారు. దాంతో క్యారియర్ పట్టుకునే చోటు పోయింది. పాత చోటు పోయినా పాత అలవాటు పోలేదు. ఏదో ఒక అంచు దొరికితే కొక్కెం తగిలించి బిగించేయడం ఇంకా నడుస్తూనే ఉంది. చిక్కు అక్కడే మొదలవుతోంది.

ఇప్పటి కార్లలో క్రాస్‌బార్లు పట్టుకునే చోట్లు ముఖ్యంగా నాలుగు రకాలు. కొన్ని కార్లకు కప్పు మీద పొడవునా రెండు పట్టాలు ఉంటాయి, వాటికీ కప్పుకూ మధ్య వేళ్లు దూరేంత సందు ఉంటుంది. వీటిని రూఫ్ రెయిల్స్ అంటున్నాం. కడ్డీ కాలు ఆ పట్టాను చుట్టూ పట్టుకుంటుంది. ఇంకొన్నిటికి పట్టా కప్పుకు అతుక్కుపోయి ఉంటుంది, సందు ఉండదు. దానికి అచ్చంగా ఆ ఆకారానికి కోసిన కాలే కావాలి. మూడో రకంలో రబ్బరు పట్టీ కింద కంపెనీవాళ్లే మరలు వేసిన రంధ్రాలు ఉంచుతారు, బోల్టు నేరుగా అందులోకి ఎక్కుతుంది. ఇది గట్టి పద్ధతి. నాలుగోది ఏమీ లేని నున్నటి కప్పు. అక్కడ కాలు కప్పు మీద ఆని ఉంటుంది, ఒక లోహపు కొక్కెం తలుపు చట్రం పై అంచులోకి దిగి దాన్ని గుంజి పట్టుకుంటుంది. ఈ కొక్కెం కారు మోడల్‌ను బట్టి మారుతుంది. పక్క మోడల్‌ది తెచ్చి వంచి పెడితే తలుపు మూసినప్పుడు రబ్బరు నలుగుతుంది, వాన నీళ్లు లోపలికి వస్తాయి, అన్నిటికన్నా ముఖ్యంగా పట్టు సగమవుతుంది. మన మార్కెట్లో అదనంగా ఇంకో సంగతి ఉంది. కొన్ని కార్ల రూఫ్ రెయిల్స్ అలంకారం కోసం పెట్టినవే. వాటిని ప్లాస్టిక్ క్లిప్పులతోనో, అతుకు టేపుతోనో నిలబెడతారు. చూడటానికి తేడా తెలియదు. కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో ఆ పట్టాలు మోసే బరువు రాసి ఉంటే అవి పనికొచ్చేవి. అలంకారానికేనని రాసినా, అసలేమీ రాయకపోయినా వాటికి బరువు తగిలించకూడదు. కడ్డీ వంద కిలోలు మోయగలదన్న దుకాణదారు మాట నిజమే కావచ్చు. ఆ కడ్డీని పట్టుకున్న పట్టా టేపు మీద నిలబడి ఉంటే ఆ నిజం ఎందుకూ కొరగాదు.

ఇక రోడ్డు మీద ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం. నెత్తిన 50 కిలోల సామాను ఉందనుకోండి. ఎదురుగా గేదె అడ్డం వచ్చి బ్రేకు గట్టిగా తొక్కితే, పొడి తారు రోడ్డు మీద మంచి టైర్లున్న కారు తన బరువులో దాదాపు ఎనభై శాతానికి సమానమైన బలంతో ఆగుతుంది. అంటే ఆ సామాను 40 కిలోల బలంతో ముందుకు తోసుకొస్తుంది. సూట్‌కేసు అడుగుకూ అల్యూమినియం కడ్డీకీ మధ్య రాపిడి ఆపగలిగేది మహా అయితే 15 కిలోలు. మిగిలిన 25 కిలోల తోపును ఆపాల్సింది కట్టు. ఆ రెండూ కలిసిన 40 కిలోల తోపునూ కారు దాకా చేరవేయాల్సింది కడ్డీ కాళ్ల పట్టు. ఇది మామూలు బ్రేకు లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో దేన్నైనా గుద్ది అర మీటరులో ఆగిపోతే, అదే 50 కిలోల సామాను సుమారు ఒక టన్ను బలంతో ముందుకు దూకుతుంది. ఈ కారణంగానే కార్ల నెత్తిన పెట్టే క్యారియర్ల కోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 11154 పేరుతో విడిగా ఒక ప్రమాణం పెట్టింది. పేరున్న కంపెనీలు తమ కడ్డీలను సామానుతో సహా గుద్దించి పరీక్షించేది కూడా అందుకే. మోసే బలం ఒక్కటే చాలనుకుంటే కడ్డీ మీద ఇసుక బస్తాలు పేర్చి చూస్తే సరిపోయేది.

బ్రేకు తోపు అప్పుడప్పుడు వస్తుంది, గాలి మాత్రం ప్రయాణమంతా ఉంటుంది. దీన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 17 కిలోల బలంతో నెడుతుంది. 80కి అది 30 కిలోలు, 100కి 47 కిలోలు. వేగం రెట్టింపైతే గాలి బలం నాలుగింతలవుతుంది. ఇల్లు మారేటప్పుడు నెత్తిన కట్టే పరుపును తీసుకోండి. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, బరువు ఇరవై పాతిక కిలోలు. దాని వైశాల్యం 2.8 చదరపు మీటర్లు. ముందు అంచు కొంచెం పైకి లేచి, గాలి కిందికి దూరిందంటే, ఆ గాలి బలంలో సగం పైకెత్తడానికి పోయినా గంటకు 60 వేగంలోనే పరుపు బరువంతా తేలిపోతుంది. 100 దగ్గర పైకెత్తే బలం 65 కిలోలు దాటుతుంది. పాతిక కిలోల పరుపును నలభై కిలోలకు పైగా బలం ఆకాశంలోకి లాగుతుంటే దాన్ని పట్టి ఉంచుతున్నది నాలుగు ముడులు, నాలుగు బోల్టులు. ప్లైవుడ్ షీటు, ఫ్లెక్సీ చట్రం, సోలార్ ప్యానెల్, అన్నిటికీ ఇదే లెక్క. తేలికైన సామాను కాబట్టి ఎలా కట్టినా పరవాలేదన్న మాట తలకిందుల మాట. తేలికగా, వెడల్పుగా ఉన్న సామానే గాలికి ముందు లొంగుతుంది.

మూడో శత్రువు అదురు. స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరినప్పుడు సామాను ఒక క్షణం రెట్టింపు బరువుతో నొక్కుతుంది, చక్రాలు కిందికి దిగే మరుక్షణం దాదాపు బరువే లేనట్టు తేలుతుంది. ఆ తేలిన క్షణంలో రాపిడి ఉండదు, సామాను కొంచెం జరుగుతుంది. గతుకుల రోడ్డు మీద ఇది వందల సార్లు జరుగుతుంది. దీనికి గాలి తెచ్చే అదురు తోడు. మూడు సెంటీమీటర్ల లావున్న గుండ్రటి కడ్డీ మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గాలి పారితే, కడ్డీ వెనక సుడులు సెకనుకు 180కి పైగా విడిపోతుంటాయి. కారులో కూర్చున్నవాళ్లకు వినిపించే ఆ గుయ్యిమనే శబ్దం అదే. విమానపు రెక్క ఆకారంలో చేసిన కడ్డీలు, గాడిలో పెట్టే రబ్బరు పట్టీ ఈ సుడులను తగ్గించడానికే వచ్చాయి. బోల్టుకు పక్కవాటు అదురు చేసే కీడు ఎంతో 1969లో జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ ప్రయోగంతో చూపించాడు. బోల్టును దాని పొడవు దిశలో ఎంత గుంజినా అంత త్వరగా వదులు కాదు. పట్టుకున్న రెండు ముక్కలు పక్కకు రవ్వంత జరుగుతూ ఉంటే మాత్రం నట్టు తనంతట తానే వెనక్కి తిరిగిపోతుంది. ఇలాంటి అదురు ముందు మనం నమ్మకంగా వేసే స్ప్రింగ్ వాషర్ కూడా నిలవదని ఆ తరహా పరీక్షల్లో తేలింది. నైలాన్ రింగు ఉన్న నట్టు కొంత మేలు. అసలు మందు రెండు ముక్కలూ జరగకుండా ఉండేంత నొక్కుడు బోల్టులో మొదటి నుంచే ఉండటం.

అలాగైతే ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగిస్తే పోలా అనిపిస్తుంది. షెడ్లలో తరచూ జరుగుతున్నదీ ఇదే. బోల్టు పని చేసే తీరు తెలిస్తే ఈ ఆలోచన ఎందుకు తప్పో అర్థమవుతుంది. బిగించినప్పుడు బోల్టు చాలా కొద్దిగా సాగుతుంది, వెనక్కి ముడుచుకోవాలని గుంజుతుంది. ఆ గుంజుడే రెండు ముక్కలనూ నొక్కి పెట్టేది. ఆరు మిల్లీమీటర్ల బోల్టును 5 న్యూటన్ మీటర్ల తిప్పుడుతో బిగిస్తే సుమారు 400 కిలోల నొక్కుడు పుడుతుంది. ఆ తిప్పుడుకు కావాల్సింది పది సెంటీమీటర్ల అలెన్ కీ చివర అయిదు కిలోల బలం, అంటే చేతి వేళ్లతోనే సాధ్యమయ్యే పని. దీనికి బదులు ఇరవై సెంటీమీటర్ల పానా పట్టుకుని పదిహేను కిలోల బలం వేస్తే తిప్పుడు ఆరింతలవుతుంది. అప్పుడు బోల్టు సాగిపోయి మళ్లీ ముడుచుకోలేని స్థితికి వస్తుంది, లేదా అల్యూమినియం కాలులోని మర పోతుంది, లేదా రూఫ్ రెయిల్ నొక్కుకుపోతుంది, తలుపు చట్రం వంగుతుంది. మర పోయిన బోల్టు పైకి బిగుసుకున్నట్టే కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. వదులు బోల్టును చేత్తో కదిపి కనిపెట్టవచ్చు, ఇది దొరకదు కాబట్టి దానికన్నా ప్రమాదం. మంచి కడ్డీల సెట్టుతో పాటు ఇచ్చే చిన్న తాళంచెవి లాంటి పరికరం సరైన బిగువు రాగానే టక్కుమని చప్పుడు చేసి జారిపోతుంది. అది లేని సెట్టుకు చిన్న టార్క్ రెంచ్ వాడాలి, ఎంత బిగించాలో కడ్డీల కాగితంలో రాసి ఉంటుంది. కారు చక్రాల బోల్టులకు వాడే పెద్ద టార్క్ రెంచ్ ఇంత చిన్న కొలతను సరిగ్గా చూపదు. ‘గట్టిగా’ అనే మాటకు ఇక్కడ కొలత ఉంది, ఆ కొలతే కావాలి.

బిగించే పని ఎలా సాగాలో దగ్గర నుంచి చూద్దాం. మొదట కప్పును, పట్టాలను, తలుపు పై అంచును తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. కాలి కింద రబ్బరు దిమ్మకూ కప్పుకూ మధ్య దుమ్ము మిగిలితే అది గరుకు కాగితంలా పెయింటును తినేస్తుంది, పట్టునూ తగ్గిస్తుంది. ముందు కడ్డీ ఎక్కడ రావాలో, దానికీ వెనక కడ్డీకీ ఎంత ఎడం ఉండాలో కాగితంలో చూసి, టేపుతో కొలిచి, కప్పు మీద పేపరు టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోవాలి. చాలా సెట్లకు ఈ ఎడం 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. నిచ్చెనల్లాంటి పొడవైన వాటికి, కారు ఒప్పుకునే మేరకు, ఎడం పెంచితే మేలు. కడ్డీని పెట్టాక రెండు పక్కలా సమానంగా బయటికి వచ్చిందో లేదో కొలవాలి. ఆ తర్వాత ఒక పక్కనే పూర్తిగా బిగించేయడం అలవాటైన తప్పు. అలా చేస్తే కడ్డీ ఆ పక్కకు జరుగుతుంది, రెండో కాలు వంకరగా కూర్చుంటుంది. ఎడమ నాలుగు చుట్లు, కుడి నాలుగు చుట్లు, మళ్లీ ఎడమ అన్నట్టు మార్చి మార్చి బిగించుకుంటూ రావాలి. పూర్తయ్యాక కాలికి దగ్గరగా కడ్డీని రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. కడ్డీతో పాటు కారంతా ఊగితే పట్టు కుదిరినట్టు. కారు కదలకుండా కడ్డీ మాత్రమే జరిగితే కాలు సరిగ్గా కూర్చోలేదు, విప్పి మొదలుపెట్టాలి. తలుపులన్నీ తెరిచి మూసి చూడాలి. సన్‌రూఫ్ ఉంటే అది తెరుచుకునేటప్పుడు కడ్డీకి తగులుతుందేమో చూసుకోవాలి. యాభై కిలోమీటర్లు నడిచాక ఆగి మరోసారి బిగువు చూడాలి. ఈ చివరి పనిని దాదాపు అందరూ వదిలేస్తారు. కొత్త రబ్బరు దిమ్మలు బరువుకు కొంచెం అణుగుతాయి, అణిగినంత మేర బోల్టు నొక్కుడు తగ్గుతుంది. మన ఎండల్లో రబ్బరు ఇంకా త్వరగా అణుగుతుంది. కప్పుకు సొంతంగా రంధ్రాలు వేసి బిగించడం మాత్రం ఏ కారుకూ పనికిరాదు. రంధ్రం దగ్గర తుప్పు మొదలవుతుంది, నీళ్లు దిగుతాయి. పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్న కార్లలో అవి కప్పు అంచు వెంటే మడిచి ఉంటాయన్నది మరిచిపోకూడదు.

ఇప్పుడు ఎన్ని కిలోలన్న ప్రశ్నకు వద్దాం. ఇక్కడ మూడు అంకెలు ఉంటాయి: కారు కప్పుకు కంపెనీ ఇచ్చిన పరిమితి, కడ్డీల పరిమితి, వాటి మీద పెట్టే పెట్టె లేక క్యారియర్ పరిమితి. మూడింటిలో ఏది తక్కువో అదే మన పరిమితి. చాలా కడ్డీల సెట్లకు అది 75 కిలోలు ఉంటుంది, కారు కప్పుకు 50 మాత్రమే ఉండొచ్చు. సాధారణంగా కప్పు పరిమితిలో కడ్డీల బరువు, పెట్టె బరువు కూడా కలిసే ఉంటాయి. 50 కిలోల కప్పు మీద ఆరు కిలోల కడ్డీలు, పదిహేను కిలోల పెట్టె పెడితే సామానుకు మిగిలేది 29 కిలోలు, అంటే ఒక పెద్ద సూట్‌కేసు. ఇనుప గొట్టాలతో వెల్డింగ్ చేయించిన భారీ క్యారియర్ అయితే తన బరువుతోనే సగం పరిమితి తినేస్తుంది. దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. కప్పు మీద డేరా వేసుకుని ఇద్దరు మనుషులు పడుకుంటున్నారు కదా, 50 కిలోల పరిమితి అంటే కంపెనీ అతి జాగ్రత్తే కదా అని. ఆ డేరాలో పడుకునేది కారు ఆగి ఉన్నప్పుడు. ఆగి ఉన్న కారు కప్పు దాని నడక పరిమితికి కొన్ని రెట్లు మోయగలదు, ఎందుకంటే అప్పుడు బ్రేకు లేదు, గాలి లేదు, గతుకు లేదు. కంపెనీ ఇచ్చే చిన్న అంకెలో ఇవన్నీ కలిసి ఉంటాయి. కాబట్టి ఆ అంకె తక్కువగా కనిపించడమే మనం చెప్పుకున్న సంగతికి సాక్ష్యం. నిలబడ్డ బరువును కప్పు తేలికగానే మోస్తుంది, పరిమితి పెట్టింది కదిలే బరువును చూసి.

కడ్డీలు ఎంత బాగా బిగించినా సామాను కడ్డీలకు కట్టకపోతే ఫలం లేదు. కట్టు తాడుది కూడా బోల్టు కథే. నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. పొద్దున బిగించిన ముడి వానలో వదులవుతుంది. కొబ్బరి తాడు, జనపనార తాడు తడిస్తే బిగుసుకుని, ఆరాక వదులవుతాయి. పాలియెస్టర్ బెల్టు సాగుడు తక్కువ, బకిల్‌తో ఎంత కావాలంటే అంత గుంజి ఆపొచ్చు. చివర కొక్కేలున్న రబ్బరు తాళ్లు పరదా ఎగరకుండా ఉంచడానికి తప్ప బరువు ఆపడానికి పనికిరావు. సాగడమే వాటి గుణం. బెల్టును కడ్డీకి చుట్టాలి గానీ, కారు కిటికీల్లోంచి లోపలికి తెచ్చి కట్టకూడదు. అలా కడితే ఆపదలో తలుపులు తెరుచుకోవు. సామాను మీదుగా అడ్డంగా వేసే రెండు కట్లతో పాటు ముందుకు జరగకుండా ఒక కట్టు వేయాలి. మొదటి రెండూ కేవలం నొక్కి పెట్టి ఆపుతాయి. రాపిడితోనే ఆ 25 కిలోల తోపును ఆపాలంటే కట్టు ఎనభై కిలోలకు పైగా కిందికి నొక్కాల్సి వస్తుంది. ముందు నుంచి ఎదురు కట్టు వేస్తే 25 కిలోలే చాలు. నిచ్చెన, గొట్టాలు లాంటి పొడవైన వాటిని బంపర్ల కింద ఉండే టోయింగ్ కొక్కేలకు కూడా ముందూ వెనకా కట్టాలి. పరుపు, షీటు లాంటి వాటికి ముందు అంచే ప్రాణం. దాన్ని కిందికి అణిచి కడితే గాలి దూరదు.

నెమ్మదిగా నడిపితే ఇదంతా అక్కర్లేదన్న వాదన ఒకటుంది. దాంట్లో నిజం ఉంది. వేగం 100 నుంచి 80కి తగ్గితే గాలి బలం మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది, గుద్దుడు బలమూ అంతే తగ్గుతుంది. నెత్తిన సామాను ఉన్నప్పుడు నెమ్మదిగా పోవడం తప్పనిసరి కూడా. పదకొండు వందల కిలోల కారు నెత్తిన 50 కిలోలు పెడితే కారు గురుత్వ కేంద్రం సుమారు అయిదు సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. శ్రీశైలం, అరకు ఘాట్ మలుపుల్లో ఆ తేడా చేతికి తెలుస్తుంది, కారు పక్కకు ఎక్కువ వాలుతుంది. అయినా నెమ్మది బిగింపుకు బదులు కాలేదు. గేదె అడ్డం వచ్చినప్పుడు వేసే బ్రేకు 60 వేగంలోనూ అంతే గట్టిది, ఎనభై శాతం లెక్క వేగాన్ని బట్టి మారదు. ఎదురుగా వచ్చే లారీ గాలి మన వేగాన్ని అడిగి రాదు. గతుకు సరేసరి. నెమ్మది ముప్పును తగ్గిస్తుంది, వదులు బోల్టును బిగించదు.

ఇంకో వాదన అనుభవం పేరుతో వస్తుంది. మన టాక్సీ డ్రైవర్లు దశాబ్దాలుగా తాళ్లతో కట్టి దేశమంతా తిరిగారు, ఏ టార్క్ రెంచ్ వాడారు అని. ఆ డ్రైవర్ల నైపుణ్యాన్ని తక్కువ చేయకూడదు. లోడు కట్టడంలో వాళ్లకు తెలిసిన ముడులు, మెలకువలు ఇప్పటి కారు యజమానుల్లో చాలామందికి తెలియవు. ప్రతి టీ కొట్టు దగ్గరా దిగి తాడు చేత్తో పట్టి చూసుకునే అలవాటు వాళ్లది, మనం చెప్పుకుంటున్న ‘మళ్లీ చూసుకోవడం’ అదే. కానీ వాళ్ల కాలం పరిస్థితులు వేరు. వాళ్ల క్యారియర్‌ను వెల్డింగ్ చేసిన గట్టర్ పట్టుకుంది, ఆరు కాళ్లు పంచుకున్నాయి. రెండు వరసల రోడ్డు మీద వేగం 60 దాటడమే అరుదు. ఇప్పుడు నాలుగు, ఆరు వరసల రోడ్డు మీద అందరూ 100 దగ్గర పోతున్నారు. వేగం 60 నుంచి 100కి పెరిగితే గాలి బలం దాదాపు మూడింతలవుతుంది, పట్టు మాత్రం నాలుగు చిన్న కాళ్లకు తగ్గింది. పాత అనుభవంలోంచి తీసుకోవాల్సింది జాగ్రత్తను, పద్ధతిని యథాతథంగా తెచ్చుకుంటే కుదరదు. ఖర్చు సంగతి కూడా ఇలాంటిదే. చిన్న టార్క్ రెంచ్, రెండు మంచి బెల్టులు కలిపినా క్యారియర్ ధరలో కొంత భాగమే. అవి కొనలేమంటే క్యారియర్ కొనడమే మానుకోవచ్చు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194(1ఏ) ప్రకారం సామాను బండి పక్కలకు గానీ, ముందుకు వెనక్కు గానీ, ఎత్తులో గానీ అనుమతించిన హద్దు దాటితే 20,000 రూపాయల జరిమానా, దింపించే ఖర్చు అదనం. రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అదే చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. బోల్టు విప్పితే వచ్చేసే కడ్డీలకూ, వెల్డింగ్ చేసి శాశ్వతంగా బిగించిన క్యారియర్‌కూ మధ్య ఉన్న తేడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. కొనే ముందు కారు కంపెనీ అమ్మే సొంత కడ్డీలు ఉన్నాయేమో అడగడం, బిగించాక బీమా కంపెనీకి తెలియజేయడం మంచిది.

విప్పగలిగే కడ్డీలకు ఇంకో లాభం ఉంది, పని లేనప్పుడు తీసేయవచ్చు. ఖాళీ కడ్డీలు కూడా గాలిని అడ్డుకుంటాయి, పెట్రోలు తాగుతాయి. నెత్తిన మొద్దుగా ఉండే పెద్ద పెట్టె పెడితే మైలేజీ ఊళ్లో 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. అమెరికాలో కార్లు తాగే ఇంధనంలో కొంత భాగం నెత్తిన ఉన్న క్యారియర్ల వల్లే పోతోందని 2016లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలతో సంబంధమున్న పరిశోధకులు అంచనా వేశారు. ఏడాదిలో నాలుగు ప్రయాణాల కోసం ఏడాదంతా నెత్తిన కడ్డీలు మోయడం డబ్బు దండగ. బిగింపు పరంగా చూసినా ఇదే మేలు. ఏడాదంతా ఎండకు ఎండి, వానకు తడిసిన బోల్టు తుప్పు పట్టి, బిగుసుకుపోయినట్టు నటిస్తుంది. విప్పి, తుడిచి, మర చూసి, ప్రయాణం ముందు కొలతతో బిగించిన బోల్టు మాత్రమే తన పని తాను చేస్తుంది.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, కారు నెత్తి నుంచి ఊడిపడేది సాధారణంగా ఆ కారులోని వాళ్ల మీద పడదు. వెనక వచ్చే బైకు మీద పడుతుంది, పక్క వరసలో పోయే ఆటో మీద పడుతుంది. మన రోడ్ల మీద వెనక వచ్చేది బైకే అయ్యే అవకాశం ఎక్కువ, దాని మీద భార్యాభర్తలూ మధ్యలో పిల్లా ఉండే అవకాశమూ ఎక్కువ. మన సామాను వల్ల వచ్చే ముప్పును వాళ్లు మోస్తున్నారు, వాళ్లను ఎవరూ అడగకుండానే. అందుకని ఈ పనిని యజమాని మంచితనానికి వదిలేయకూడదు. డ్రైవరు తలుపు తెరిస్తే టైర్లలో గాలి ఎంత ఉండాలో రాసిన స్టిక్కర్ కనిపిస్తుంది. కప్పు ఎంత మోస్తుందో, పట్టాలు అలంకారానివో పనికొచ్చేవో కూడా అక్కడే, తెలుగులో కూడా, రాయించాలి. మాన్యువల్ చివరి పేజీల్లో దాచిన అంకె ఎవరినీ కాపాడదు. కడ్డీలు బిగించే ప్రతి దుకాణం ఎంత కొలతతో బిగించిందో బిల్లు మీద రాసి ఇవ్వాలి, యాభై కిలోమీటర్ల తర్వాత వచ్చి చూపించుకోమని చెప్పాలి. ఇవి రెండూ ఖరీదైన పనులు కావు. అవి వచ్చే దాకా కొనేవాళ్ల చేతిలో ఉన్నది ఒకటుంది: ఎన్ని కిలోలని అడిగే ముందు, దేన్ని పట్టుకుంటుందో చూపించమని అడగడం. దుకాణదారు కప్పు మీద వేలు పెట్టి ఆ చోటు చూపించలేకపోతే ఆ సెట్టు కొనకుండా వచ్చేయడం.